కాన్సరు మాత్రయు గుండె లయయు
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాస పాఠము)



విద్యావ్యాప్తిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, కల్యాణమండప నిర్మాణమును గూర్చియు నాకు ముందు మాటలాడిన పెద్దలు మిక్కిలి చక్కగా సెలవిచ్చియున్నారు. అట్టి విషయముల నడుమ మందులను గూర్చి, అందును కాన్సరు మందులను గూర్చి మాటలాడ బూనుట కొందరికి వింతగా దోపవచ్చును. శుభమా యని సభ జరుపుకొనుచుండ నీ వ్యాధి ప్రసంగమేల యని కొందరు మనసులో ననుకొనవచ్చును. ఆ వ్యాధి పేరు పైకి చెప్పుటకు మనకు గల సంకోచమే ఒక ప్రాణమును దాదాపు తీసినంత పని చేసినందుననే నేడు మీ యెదుట నిలిచితిని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములనుండియు, చుట్టుపట్టు గ్రామములనుండియు వచ్చిన మీలో ఈ వ్యాధి తగులని బంధువర్గము ఉండదని నా నమ్మకము. కావున కొంతసేపు సావధానముగా విన ప్రార్థించుచున్నాను.

మొదట నా యింట జరిగినదానిని మనవి చేసెదను. మిర్యాలగూడలోని మా మేనత్తకు రక్తమునకు సంబంధించిన కాన్సరు సోకినది. తొలుత నిచ్చిన మందు కొంతకాలమునకు పట్టువిడువగా, హైదరాబాదు వైద్యులు నిలోటినిబ్ అను మాత్రను వ్రాసిరి. రోగము లొంగినది, రక్తపరీక్షలు బాగుగా వచ్చినవి. అప్పుడే ఆమె రెండవ కుమార్తెకు సంబంధములు చూచుచుంటిమి. ఇంట కాన్సరున్నదని తెలిసిన వరుని వారు వెనుకాడుదురని భయపడి, ఈ మాట గడప దాటనీయవద్దని ఇంటివారికి చెప్పినవాడను నేనే. ఔషధముల పరీక్షావిభాగమున ఏండ్ల తరబడి పనిచేసి, మాత్రల మంచిచెడ్డలు తెలిసినవాడనని పేరుపడిన నేనే అట్లు చెప్పితిని.

వైశాఖమాసపు ఎండలలో ఆమెకు వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. సమీపమున నున్న వైద్యుని పిలిపించిరి. ఆయన వాంతులు కట్టుటకు ఒక సూదిమందును, క్రిములకై ఒక మాత్రను ఇచ్చెను. మీరు మరి యే మందైన వాడుచున్నారా యని ఆయన అడిగినాడు. నా మాట జ్ఞాపకముంచుకొని ఇంటివారు ఏమియు లేదనిరి. మరునాడు ఉదయమున ఆమె పెరటిలో స్మృతి తప్పి పడిపోయినది. పెద్ద ఆసుపత్రికి తరలించి గుండె చిత్రమును తీయగా, లయకు సంబంధించిన కొలత ప్రమాదపు గీటును దాటియున్నది. రక్తమున పొటాసియము మిక్కిలి తగ్గియున్నది. ఆమె అదృష్టవశమున బ్రదికినది. ఆ సూదిమందిచ్చిన వైద్యుని తప్పేమియు లేదు. ఆయన అడిగెను, మేము దాచితిమి.

ఈ సంగతిని మీరు గ్రహింపవలెనన్న, కాన్సరు మందునకు గుండెతో సంబంధమేమో కొంచెము విపులముగా చెప్పవలసియున్నది.

కాన్సరు చికిత్సా చరిత్రలో మన తెలుగువాని పేరు శాశ్వతముగా నిలిచియున్నది. 1895లో భీమవరమున జన్మించి, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన సాగించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము తయారుచేసిన అమినోప్టెరిన్ అను మందుతోనే 1948లో బాస్టనునందు సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తకాన్సరు సోకిన పసిపిల్లలకు తాత్కాలికముగనైన ఉపశమనమును గలిగింపగలిగెను. ఆ జాతికే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఆ యేడే సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ కాలపు మందులు త్వరగా పెరుగు కణముల నన్నిటిని కొట్టునవి. చేనిలో కలుపుతోపాటు పైరును గూడ కోయు కొడవలివంటివి. తరువాత వచ్చినవి లక్ష్యౌషధములు. రోగకణమును పెంచు ప్రత్యేక పదార్థమును గుర్తించి దానినే యడ్డగించునవి. 2001లో అమెరికాయందు అనుమతి పొందిన ఇమాటినిబ్ వీనిలో సుప్రసిద్ధమైనది. 2003లో హైదరాబాదునకు చెందిన నాట్కో సంస్థ దానిని తక్కువ వెలకు మన దేశమున విక్రయింప మొదలిడినది. ఆ సంస్థకే 2012 మార్చిలో సొరాఫెనిబ్ అను మరియొక మందును తయారుచేయుటకు భారతప్రభుత్వ పేటెంటు అధికారి నిర్బంధపు లైసెన్సును ప్రసాదించెను. నెలకు సుమారు 2,80,000 రూపాయలుగా నుండిన వెల అందుచే 9,000 రూపాయల లోపునకు దిగినది. మన జిల్లాలో నాగార్జునసాగర్ చెంత ఆ సంస్థ మందుల కర్మాగారమును నెలకొల్పిన సంగతి మీలో పలువు రెరిగినదే. ఇట్లు ధనికులకు మాత్రమే దక్కుచుండిన మాత్రలు మన యిండ్లకు చేరినవి. ఇది మహోపకారము. కాని మాత్ర ఇంటికి వచ్చినపుడు దానిని కాచుకొను జ్ఞానము గూడ దానివెంట రావలయునుగదా!

గుండె కొట్టుకొనుట విద్యుత్తుచే జరుగు పని. ప్రతి స్పందనమునకు ముందు గుండెకణము ఉత్తేజము పొందును. పిదప కణములోని పొటాసియము సన్నని ద్వారములగుండ వెలికి పోవుటచే తిరిగి విశ్రాంతి స్థితికి వచ్చును. ఈ రాకపోకలను కాగితముపై గీయు విద్యను నెదర్లాండ్సు దేశములోని లైడెన్ నగరవాసి ఐంథోవెన్ పండితుడు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో నేర్పరచి, 1924లో నోబెలు బహుమానమును పొందెను. అదియే ఇ.సి.జి. ఆ గీతలలో క్యూ అను చోటినుండి టి అను అల ముగియువరకు గల కాలమును క్యూటీ అందురు. ఉత్తేజము మొదలు విశ్రాంతివరకు పట్టు వ్యవధి యది. దానిని సెకనులో 1000వ వంతుతో, అనగా మిల్లీసెకనులతో కొలుతురు. పొటాసియము ద్వారమును ఏ మందైన మూసివేసినచో ఆ వ్యవధి సాగును. మితిమీరి సాగినచో గుండె క్రిందిగదులు అదుపుతప్పి మెలిపడిన త్రాటివలె గీతలు గీయుచు వేగముగా కొట్టుకొనును. ఈ వికారమును 1966లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు దెసెర్టెన్ వర్ణించెను. అది కొన్ని క్షణములలో తానే సర్దుకొనిన మూర్ఛగా పోవును. సర్దుకొననిచో ప్రాణమే పోవును.

ఆ పొటాసియము ద్వారమును నిర్మించు జన్యువు పేరు హెర్గ్. దీని మూలము ఒక పండ్లయీగ. ఈథరు ఆవిరి సోకగానే కాళ్ళాడించు ఒక ఈగజాతిని చూచి శాస్త్రజ్ఞులు నవ్వులాటగా ఒక నాట్యపు పేరు పెట్టిరి. దశాబ్దముల తరువాత మానవుని గుండెలోను అట్టి జన్యువే కానవచ్చినది. ఈగ కాలిలో కనిపించిన చిన్న లోపము మానవుని హృదయ రహస్యమును విప్పినదన్న మాట.

ఈ ప్రమాదమును లోకము గట్టిగా గుర్తించినది కాన్సరు మందులచే గాదు. తుమ్ములకు, దద్దురులకు వాడు టెర్ఫెనడిన్ అను మాత్ర, కొన్ని ఇతర మందులతో కలిసినపుడు గుండె లయను చెరచి కొందరి ప్రాణములు తీయగా, 1998 నాటికి అమెరికా అంగళ్ళనుండి తొలగింపబడెను. తుమ్ముల మందుతో చచ్చుటేమి యని ప్రజలు విస్తుపోయిరి. పిమ్మట 2005లో అంతర్జాతీయ ఔషధ నియమ సమన్వయ మండలివారు క్రొత్త మందుల నన్నిటిని ఈ విషయమున పరీక్షించు విధానమును నిర్ణయించిరి. మన దేశమున 2019 నాటి నూతన ఔషధ, చికిత్సా పరీక్షల నియమములును రక్తపోటు, నాడి, ఇ.సి.జి.లపై మందు ప్రభావమును పరిశీలింప నాజ్ఞాపించుచున్నవి.

పరీక్షాక్రమ మిట్టిది. మొదట ప్రయోగశాలలో హెర్గ్ ద్వారము గల కణములపై మందును పోసి ఎంత మోతాదున ద్వారము మూయునో చూతురు. రెండవది, జంతువుల గుండె చిత్రములు. మూడవది, ఆరోగ్యవంతులైన మనుష్యులయందు పరీక్ష. వారికి వేరువేరు వేళల అసలు మందును, మందు లేని ఉత్త మాత్రను, మాక్సిఫ్లాక్సాసిన్ అను తెలిసిన మందును ఇత్తురు. ఈ మూడవదానిని ఇచ్చుటేల? అది క్యూటీని కొంచెము సాగదీయునని ముందే తెలియును. ఆ చిన్న మార్పును గూడ ఆ పరీక్ష పట్టుకొన్ననే పరీక్ష సరియైనదని నమ్ముదురు. త్రాసును తూచుటకు పడికట్టురాయి వంటిది యది. సగటున 5 మిల్లీసెకనుల మార్పు కనబడినను దానిని గమనింపదగినదిగా తలంతురు. సెకనులో 200వ వంతు! ఇంత సూక్ష్మముగా చూచుట అతిజాగ్రత్త కాదా యని మీరడుగవచ్చును. కోట్లమంది మ్రింగు తుమ్ముల మాత్రకు అంత జాగ్రత్త తగియున్నది.

కాన్సరు మందులకో, ఈ పద్ధతి యథాతథముగా పొసగదు. పెక్కు కాన్సరు మందులు ఆరోగ్యవంతునకు విషప్రాయములు. వానిని ఆతనికిచ్చుట అధర్మము. రోగికి ఉత్త మాత్రనిచ్చి మందు మాన్పుట మరింత యధర్మము. అందుచే రోగులయందే, వారు నిజముగా పుచ్చుకొను మోతాదుతోనే, రక్తములో మందెంతయున్న వేళ క్యూటీ ఎంత సాగెనో జతపరచి లెక్క గట్టుదురు. తుది తీర్పు గూడ వేరు. తుమ్ముల మందు 20 మిల్లీసెకనులు సాగదీసిన త్రోసివేయుదురు. ప్రాణాంతక వ్యాధిని నిలుపు మందు అంతయే సాగదీసిన, హెచ్చరికతో అనుమతింతురు. నిలోటినిబ్, వాండెటానిబ్ మందుల వివరణపత్రములయందు నల్లగీతల చట్రములో ఇట్టి హెచ్చరిక అచ్చువేయుదురు. 2011లో అనుమతి పొందిన ఈ వాండెటానిబ్ శరీరమున సగము తగ్గుటకే 19 దినములు పట్టును. మాత్ర మానినను దాని ప్రభావము వెంటనే మానదు. రొమ్ముకాన్సరునకు వాడు రైబోసిక్లిబ్, ఊపిరితిత్తుల కాన్సరునకు వాడు ఆసిమెర్టినిబ్, క్రిజోటినిబ్ మొదలగునవియు ఈ జాబితాలోనివే. మన పూర్వులు పాషాణముగా నెరిగిన ఆర్సెనిక్ నుండి తీసిన మందు ఒక తీవ్ర రక్తకాన్సరును అద్భుతముగా నయము చేయును. క్యూటీని సాగదీయుటలోను అది పేరొందినది. ఇబ్రూటినిబ్ అను మందు వేరొక మార్గమున గుండె పైగదుల లయను చెరుపును.

క్యూటీ కొలతలో ఒక చిక్కు గలదు. నాడి వేగము పెరిగిన ఈ వ్యవధి సహజముగనే తగ్గును. కావున దానిని సవరించి చూడవలెను. 1920లో బాజెట్టు ఒక సూత్రమును, ఫ్రిడెరిషియా మరియొక సూత్రమును చెప్పిరి. నిమిషమునకు నాడి 100, క్యూటీ 370 గల రోగిని తీసికొనుడు. బాజెట్టు లెక్కను 478 వచ్చును; ఫ్రిడెరిషియా లెక్కను 439 మాత్రమే. మొదటిది చూచినవాడు మందు ఆపవలెననును. రెండవది చూచినవాడు భయము లేదనును. రక్తహీనతచేతను, జ్వరముచేతను కాన్సరు రోగుల నాడి వేగముగా నుండును గావున, వారి విషయమున నిపుణులు ఫ్రిడెరిషియా లెక్కనే మేలుగా నెంచుదురు. యంత్రము అచ్చువేసిన అంకెను చూచి గుడ్డిగా మందు మాన్పుటవలనను ప్రాణము పోవచ్చునని దీనివలన గ్రహింపుడు. సవరించిన కొలత 500 దాటుటయో, మందునకు ముందున్న దానికన్న 60 పెరుగుటయో ప్రమాద సూచన. స్త్రీలకు ఈ కొలత సహజముగనే కొంచె మెక్కువ. అపాయమును వారికే హెచ్చు.

ఇక మా మేనత్తకేమి జరిగినదో మీకు తేటపడును. మూడు కారణము లొక్కచో చేరినవి. మొదటిది, నిలోటినిబ్‌ను పరగడుపున వేసికొనవలెను. మాత్రకు ముందు 2 గంటలు, తరువాత 1 గంట ఏమియు తినరాదు. తిన్నచో రక్తములో మందు పాలు పెరుగును. కడుపు మండునను భయముతో ఆమె అన్నము తిని మాత్ర వేసికొనుచుండెను. రెండవది, వాంతులు విరేచనములచే పొటాసియము, మెగ్నీసియము తరిగిపోయినవి. మూడవది, వాంతికిచ్చిన ఆన్‌డాన్‌సెట్రాన్ సూదియు, క్రిములకిచ్చిన అజిత్రోమైసిన్ మాత్రయు తామును క్యూటీని సాగదీయు మందులే. ఏ యొక్కటియు ఒంటిగా ఆమెను పడద్రోసియుండకపోవచ్చును. మూడును కూడినవి, నాలుగవదిగా మా దాపరికము చేరినది.

ఆసుపత్రిలో కొలది దినములు మాత్రను ఆపి, లవణములను సరిచేసి, చిత్రము చక్కబడిన పిమ్మట ఆ మాత్రనే తిరిగి మొదలిడిరి. కావున నా మాటలు విని ఎవ్వరును భయపడి మందు మానవలదని చేతులు జోడించి వేడుచున్నాను. మాత్ర మానిన కాన్సరు తిరుగబడును. పరీక్షలు చేసినది మందును నిందించుటకు గాదు, దానిని నిర్భయముగా వాడుకొనుటకు.

ఈ మూడు పట్టణములవారు జ్ఞప్తియం దుంచుకొనదగిన విషయములను క్లుప్తముగా చెప్పెదను. లక్ష్యౌషధము మొదలిడుటకు ముందొక ఇ.సి.జి. తీయించుకొనుడు; ఆ కాగితమును పారవేయక దాచుడు, తరువాతి చిత్రములను దానితోనే పోల్చవలెను. నిలోటినిబ్‌కు 7 దినముల పిమ్మటను, రైబోసిక్లిబ్‌కు 14వ దినమునను మరల తీయుదురు; మీ మందునకు ఎప్పుడో మీ వైద్యు నడుగుడు. పొటాసియము, మెగ్నీసియము పరీక్షింపించుడు. వాంతులు, విరేచనములు, స్మృతి తప్పుట, గుండె దడదడలాడుట కలిగినచో తెల్లవారనిమ్మని ఉపేక్షింపవలదు. జ్వరమునకైన, జలుబునకైన ఏ వైద్యుడు మందిచ్చినను మాత్ర పేరు మొదట చెప్పుడు. అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్, డోమ్‌పెరిడోన్, ఫ్లుకనజోల్ వంటివి మందులషాపులో అడిగి తెచ్చుకొని మ్రింగవలదు.

పరీక్షలను గూర్చి మరియొక మాట. 2011లో కృష్ణ కావల పిడుగురాళ్ళ ప్రాంతపు పేద స్త్రీలను దళారులు సొమ్మాశ చూపి హైదరాబాదులోని ఒక పరీక్షాసంస్థకు తీసికొనిపోగా, వారిపై రొమ్ముకాన్సరు మందును పరీక్షించిన సంగతి బయటపడి, కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ సంస్థ అనుమతిని నిలిపివేసిరి. మిర్యాలగూడకు అది దూరదేశము కాదు. పరీక్షలు లేనిదే మందు లేదు. ఎవరో ఒకరు ముందుకు రానిదే పరీక్ష లేదు. ఆ వచ్చినవాడు తాను దేనికి ఒప్పుకొనుచున్నాడో తన భాషలో తెలిసికొని ఒప్పుకొనవలెను. మన కులమునందలి నిరుపేద యువకుడు దళారి మాట నమ్మి చదువరాని కాగితముపై వ్రేలిముద్ర వేయు దుస్థితి రానీయకుండుట ఈ సంఘము పని గాదా?

తుదకు పెద్దలకు నా విన్నపము. కల్యాణమండపమునకు మీరు ఉదారముగా విరాళములిచ్చుచున్నారు. ఆ నిధిలో నొక చిన్న పాలును వేరుచేసి, కాన్సరు మాత్రలు వాడుచున్న మనవారికిని, మనవారు కానివారికిని ఇ.సి.జి., లవణ పరీక్షలు సకాలమున జరుగునట్లు తోడ్పడవలెనని కోరుచున్నాను. 2019లో సూర్యాపేటయందు ప్రభుత్వ వైద్య కళాశాల వెలసినది. కోదాడనుండియు మిర్యాలగూడనుండియు హైదరాబాదునకు మూడు నాలుగు గంటల ప్రయాణము. ఒక్క కాగితపు గీతకై ఆ దూరము పోవలసిన పని లేదు. రోగి జేబులో నుంచుకొనుటకు తెలుగులో ఒక చీటిని, మాత్ర పేరును, వాడరాని మందుల పేర్లను చేర్చి సంఘము అచ్చువేయించినచో దాని ఖర్చు పెండ్లి శుభలేఖల ఖర్చులో పదియవ వంతైన కాదు.

శుభలేఖయన్న జ్ఞప్తికి వచ్చినది. మా మేనత్త కుమార్తె వివాహము జరిగినది. ఆసుపత్రినుండి వచ్చిన పిదప వరుని తండ్రికి నేనే పోయి సర్వమును చెప్పితిని. ఆయన కొంతసేపు మౌనము వహించి, తన తల్లియు అట్లే పోయినదనియు, తామును దాచితిమనియు చెప్పెను. మనలో నెంతమంది ఒకరినుండి యొకరు ఇట్లు దాచుకొనుచున్నారో! ఈ సంఘము పుట్టినది ఒకరి కష్టము నొకరు పంచుకొనుటకే గదా. వచ్చు మహాసభనాటికి ఆ చీటి ప్రతి రోగి జేబులోను ఉండవలెననియు, ఆ మాత్ర పేరు చెప్పుటకు ఏ తల్లియు సిగ్గుపడకుండవలెననియు కోరుచున్నాను.